పావెల్ జలాశయం చూసి రావడం ఎలా: బరంపురం నుంచి వెళ్లే అమ్మానాన్నల కోసం

బరంపురం, రాయగడ, జయపురం వైపు తెలుగువాళ్ల ఇళ్లలో ఇప్పుడు పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్లు చాలామంది. అరిజోనాలో ఉన్న మా అబ్బాయి దగ్గరికి మేం రెండుసార్లు వెళ్లి వచ్చాం. అప్పటి నుంచి మా వీధిలో ఎవరికి వీసా వచ్చినా అడిగే ప్రశ్న ఒకటే: "ఎడారిలో ఆ పెద్ద జలాశయాన్ని విమానంలోంచి చూశారట కదా, ఎలా వెళ్లాలి?" ప్రతిసారీ ఫోనులో చెబితే సగం మరిచిపోతున్నాను. అందుకే వరుసగా రాస్తున్నాను.

కొలరాడో నదిపై గ్లెన్ కాన్యన్ ఆనకట్ట వెనక నిలిచిన నీరే పావెల్ జలాశయం. అరిజోనా, యూటా రాష్ట్రాల సరిహద్దులో ఉంటుంది. నిండుగా ఉన్నప్పుడు పొడవు 186 మైళ్లు, అంటే దాదాపు 300 కిలోమీటర్లు. రాతి లోయల్లోకి వేళ్లలా చీలిపోయిన నీరు కనుక గట్టున నిలబడితే కనిపించేది ఒక మూల మాత్రమే. విమానం అవసరం అక్కడే వస్తుంది. దగ్గరలోని ఊరు పేజ్. ఆనకట్ట, పడవల రేవు, చిన్న విమానాశ్రయం అన్నీ ఆ ఊరి చుట్టుపక్కలే.

1. ముందు తేల్చుకోవలసినవి: నెల, రాత్రులు, మనుషులు

నెల: సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు దాకా అన్నిటికన్నా మంచిది. ఏప్రిల్, మే నెలలూ బాగుంటాయి కానీ గాలి ఎక్కువ, విమానాలు రద్దయ్యే అవకాశం ఉంటుంది. జూన్, జూలైలలో ఎండ మండిపోతుంది. జూలై నుంచి సెప్టెంబరు మధ్య వరకు మధ్యాహ్నాలు ఉరుములతో వానలు పడతాయి. చలికాలంలో రాత్రిళ్లు నీరు గడ్డకట్టేంత చలి.

రాత్రులు: పేజ్‌లో రెండు రాత్రులు ఉండండి. ఈ వ్యాసంలో మీరు ఒక్క మాటే గుర్తుంచుకోగలిగితే ఈ మాటే గుర్తుంచుకోండి. రెండు రాత్రులుంటే చేతిలో రెండు ఉదయాలు ఉంటాయి. మొదటి ఉదయం గాలి వల్ల విమానం ఆగిపోతే రెండోది మిగులుతుంది. ఒక్క రాత్రి ఉండి, విమానం రద్దయి, డబ్బు వెనక్కి తీసుకుని దిగులుగా వెళ్లిపోయిన కుటుంబాలను విమానం ఆఫీసు వరండాలో నా కళ్లతో చూశాను.

లాస్ వేగాస్ నుంచి ఒక్క రోజులో బస్సులో తీసుకెళ్లి తెచ్చే యాత్రలు ఉంటాయి. ఒక్కవైపు ప్రయాణమే నాలుగున్నర నుంచి అయిదు గంటలు. అరవై దాటినవాళ్లను వాటిలో పంపవద్దని పిల్లలకు గట్టిగా చెబుతున్నాను. తిరిగి వచ్చేసరికి కాళ్లు వాచిపోతాయి, చూసినదేదీ మనసులో నిలవదు.

మనుషులు: ఎవరు మెట్లు దిగగలరు, ఎవరికి మోకాళ్ల నొప్పి, ఎవరికి ఘాట్ రోడ్డులో వాంతులు అవుతాయి అన్నది కాగితం మీద రాసుకోండి. టూర్ ఎంపికంతా ఈ కాగితం మీదే ఆధారపడుతుంది.

2. ఇంటి దగ్గరే చేసుకోవలసినవి

ఒడిశావాళ్లకు అమెరికా వీసా వ్యవహారాలు చూసేది హైదరాబాదులోని కాన్సులేట్. వీసా సంగతి అంతవరకే. ఈ జలాశయం చూడడానికి వేరే అనుమతి అక్కర్లేదు.

శ్రద్ధ పెట్టవలసింది ఆరోగ్య బీమా మీద. ప్రయాణ బీమా కాగితంలో మినహాయింపుల పేజీ ఉంటుంది. హెలికాప్టరు, చిన్న విమానం, పడవ ప్రయాణాలను కొన్ని పాలసీలు సాహస క్రీడల కింద వేసి వదిలేస్తాయి. ఏజెంటును నోటిమాటగా అడిగి ఊరుకోకుండా, ఆ వాక్యం ఎక్కడుందో చూపించమనండి.

సర్దుకునేటప్పుడు చూసుకోండి:

- పాస్‌పోర్టు. దాని ఫోటో ఫోనులో కూడా
- రోజూ వేసుకునే మందులు, డాక్టరు చీటీతో, చేతి సంచిలో
- ప్రయాణపు వాంతుల మాత్ర, మీ డాక్టరును అడిగి
- అంచున్న టోపీ, గాలికి ఎగరకుండా తాడు ఉన్నది
- వేళ్లను, మడమను పట్టి ఉంచే బూట్లు. చెప్పులు పనికిరావు
- ఆడవాళ్లకు చుడీదార్ లేదా ప్యాంటు
- ముదురు రంగు చొక్కా ఒకటి (ఎందుకో ఆరో అంశంలో చెబుతాను)
- చేతి గడియారం

చీర గురించి మా ఇంట్లో చాలా చర్చ జరిగింది. చిన్న విమానంలోకి ఎక్కే మెట్టు ఎత్తుగా, ఇరుకుగా ఉంటుంది. హెలికాప్టరు దగ్గర రెక్కల గాలికి పమిట, చున్నీ ఎగిరిపోవడం ప్రమాదం. ఆ ఒక్క పూట చీర వద్దు. చున్నీ కూడా సంచిలోనే ఉంచండి.

3. నేల మీదా, గాలిలోనా, నీటి మీదా?

మూడూ వేర్వేరు అనుభవాలు. ఒకటి రెండోదానికి బదులు కాదు.

గాలిలోంచి చూస్తేనే జలాశయం ఆకారం అర్థమవుతుంది. రెయిన్‌బో బ్రిడ్జ్ అనే సహజమైన రాతి వంతెనను తీసుకోండి. ఎత్తు 290 అడుగులు. రేవు నుంచి నీటిదారిన దాదాపు 50 మైళ్లు వెళ్లాలి. పడవ టూర్‌కు రోజులో పెద్ద భాగం పోతుంది, ఆపైన నీటిమట్టాన్ని బట్టి నడక. విమానంలో అయితే అరగంట పైచిలుకులో చూసి దిగిపోవచ్చు. కానీ పైనుంచి అది అగ్గిపెట్టె అంత కనిపిస్తుంది.

మోకాళ్ల నొప్పి ఉన్నవారికి విమానం, ఆ తర్వాత గంట, గంటన్నర సాగే చిన్న పడవ టూర్ సరిపోతాయి. కడుపులో తిప్పే గుణం ఉన్నవారికి పడవ, వాహనం. తప్తపాణి ఘాట్‌లో బస్సు మలుపులకు తట్టుకోలేనివారు చిన్న విమానం ఎక్కే ముందు బాగా ఆలోచించుకోవాలి. పెద్ద విమానంలో ఏమీ కాలేదు కదా అన్న లెక్క ఇక్కడ పనిచేయదు.

హెలికాప్టరా, రెక్కల విమానమా? జలాశయం పొడవునా చూడాలంటే రెక్కల విమానమే మేలు, ధర కూడా తక్కువే ఉంటుంది. హెలికాప్టరు తక్కువ దూరం తిరుగుతుంది. కొన్ని టూర్లు టవర్ బ్యూట్ అనే నిటారు గుట్ట మీద దించుతాయి. తలుపులు తీసేసి నడిపే హెలికాప్టర్లు కూడా ఉంటాయి. బుక్ చేసే ముందు తలుపులు ఉంటాయా అని అడగడం మరవకండి.

4. బుకింగ్ వరుస

ఈ వరుస తప్పితే డబ్బు, సమయం రెండూ పోతాయి.

మొదట యాంటిలోప్ కాన్యన్, అంటే నడిచి చూసే ఎర్రటి ఇరుకు రాతి సందు. ఇది నవాహో అనే అక్కడి ఆదివాసీ తెగవారి భూమి. వారు అనుమతించిన గైడ్ లేకుండా అడుగు పెట్టనివ్వరు, టికెట్లు అన్నిటికన్నా ముందు అయిపోతాయి. దీన్ని రెండో ఉదయానికి పెట్టుకోండి.

తర్వాత విమానం, మొదటి ఉదయం, దొరికినంత పెందలాడే. నేల వేడెక్కే కొద్దీ వేడిగాలి పైకి లేస్తుంది, చిన్న విమానం కుదుపులకు లోనవుతుంది. ఎనిమిది గంటల గాలికి, పన్నెండు గంటల గాలికి ఉన్న తేడా కడుపుకు తెలుస్తుంది.

మూడోది గది, నాలుగోది కారు. పడవ చివరగా.

విమానం వాళ్లను ఫోనులో అడగవలసిన ప్రశ్నలు ఇవి. మీ పిల్లలకు ఈ కాగితం ఇవ్వండి:

- గాలి వల్ల మీరే రద్దు చేస్తే పూర్తి డబ్బు ఇస్తారా, మరుసటి ఉదయం సీటు ఇస్తారా?
- ప్రతి ఒక్కరికీ కిటికీ పక్క సీటు ఉంటుందా?
- రెయిన్‌బో బ్రిడ్జ్ మీదుగా వెళ్తారా, ఆనకట్ట దాకానేనా?
- ఒకరి బరువు ఎంత దాటితే అదనపు రుసుము?
- ఎన్ని నిమిషాల ముందు రావాలి, అది ఏ గడియారం ప్రకారం?

5. గడియారం సంగతి

చివరి ప్రశ్న వింతగా అనిపించవచ్చు. మేం దెబ్బతిన్నది అక్కడే.

అరిజోనాలో వేసవికి గడియారం ముందుకు జరపరు. పక్కనున్న యూటాలో జరుపుతారు. అరిజోనాలోపలే ఉన్న నవాహో భూమిలోనూ జరుపుతారు. కనుక మార్చి రెండో వారం నుంచి నవంబరు మొదటి వారం దాకా పేజ్ ఊళ్లో ఎనిమిది అయితే, కొద్ది మైళ్ల దూరంలో తొమ్మిది. ఫోను ఏ టవర్‌కు తగులుకుంటే ఆ సమయం చూపిస్తుంది.

మొదటిసారి వెళ్లినప్పుడు నా ఫోను రాత్రికి రాత్రి గంట ముందుకు జరిగింది. టూర్ తప్పిపోయిందనుకుని స్నానం కూడా లేకుండా అందరినీ కారెక్కించాను. వెళ్లేసరికి ఆఫీసు తలుపులు తెరవలేదు. మా ఆవిడ మందులు వేసుకోలేదు, ఎవరూ ఏమీ తినలేదు. అలా ఖాళీ కడుపుతో విమానం ఎక్కితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

పరిష్కారం చిన్నదే. ఫోనులో సమయం దానంతట అది మారే అమరికను ఆపేసి అరిజోనా రాజధాని ఫీనిక్స్ సమయం పెట్టండి. చేతి గడియారం కూడా దానికే కలపండి. పేజ్‌లో విమానాలు, పడవలు, నవాహో భూమిలో ఉన్నా సరే యాంటిలోప్ టూర్లు కూడా అరిజోనా సమయం ప్రకారమే నడుస్తాయి.

6. విమానం ఎక్కే ఉదయం

బయల్దేరడానికి గంటన్నర ముందు తేలికగా తినండి. రెండు ఇడ్లీలంత చాలు. ఖాళీ కడుపూ వద్దు, నిండు కడుపూ వద్దు. కాఫీ సగం కప్పు. లోపల మరుగుదొడ్డి ఉండదు. వాంతుల మాత్ర వేసుకునేవారు ఎక్కిన తర్వాత వేసుకుంటే లాభం లేదు, గంట ముందే వేసుకోవాలి.

అక్కడ మొదట జరిగేది బరువు తూచడం. మా వియ్యపురాలు బుకింగ్‌లో పది కిలోలు తగ్గించి చెప్పించారు. కౌంటరు పక్కన నేల మీద ఉన్న చదునైన కాటా మీద నిలబడమన్నప్పుడు ఆవిడ ముఖం ఎర్రబడింది. అక్కడి అమ్మాయి మాత్రం అంకె పైకి చదవకుండా కాగితం మీద రాసుకుని, చిరునవ్వుతో పక్కకు జరగమంది. అందులో నామోషీ ఏమీ లేదు. చిన్న విమానంలో ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఆ అంకెల మీదే తేలుస్తారు. తప్పు చెబితే మొత్తం అమరిక మారుతుంది, ఒక్కోసారి ఒకరు దిగిపోవలసి వస్తుంది. బట్టలు, బూట్లు, ఫోనుతో కలిపి నిజమైన బరువు చెప్పండి. వాళ్ల లెక్క పౌండ్లలో ఉంటుంది. కిలోలను 2.2తో గుణించుకోండి. 70 కిలోలంటే 154 పౌండ్లు.

సీటు మీరు ఎంచుకునేది కాదు. భార్యాభర్తలను విడివిడిగా కూర్చోబెట్టినా ఆశ్చర్యపోకండి, వాదించకండి.

విమానం దగ్గరికి నడిచేటప్పుడు:

- టోపీ, చున్నీ, ప్లాస్టిక్ సంచి చేతిలో ఉండకూడదు
- చూపించిన గీత వెంటే నడవాలి. ముందున్న పంకా వైపు, హెలికాప్టరు అయితే తోక వైపు పోకూడదు
- పిల్లల చేయి పెద్దవాళ్ల చేతిలో ఉండాలి

ఫోటోల గురించి. ముదురు చొక్కా ఇందుకే చెప్పాను: తెల్ల చొక్కా కిటికీలో ప్రతిఫలించి ప్రతి ఫోటోలోనూ మీరే కనబడతారు. ఫోనును కిటికీకి ఆనించకండి, ఇంజన్ అదురు అంతా ఫోటోలోకి వస్తుంది. వేలెడు దూరం ఉంచండి. కొన్ని రకాల చలువ అద్దాలు పెట్టుకుంటే కిటికీ మీద ఇంద్రధనుస్సు చారలు కనిపిస్తాయి. అది కిటికీ లోపం కాదు, అద్దాలు తీసేయండి. మొదటి పది నిమిషాలు ఫోటోలు తీసి, ఆ తర్వాత ఫోను జేబులో పెట్టేయమని నా ప్రార్థన.

ఆ తర్వాత చూడవలసింది రాతి గోడల మీద తెల్లటి పట్టీ. ఎర్ర రాయి మీద, నీటి అంచుకు పైన, గీత గీసినట్టు సాగుతుంది. ఉప్పునీళ్లు కాచే గిన్నెకు లోపల పట్టే గార ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది. నిజానికి అదీ అలాంటిదే. నీటిలోని ఖనిజాలు రాయికి అంటి, నీరు దిగాక మిగిలిపోయిన పొర. జలాశయం నిండు మట్టం సముద్ర మట్టానికి 3,700 అడుగులు. 2023 ఆరంభంలో నీరు అంతకన్నా 180 అడుగులు కిందికి పోయింది. ఆ పట్టీ ఎత్తు చూస్తే ఎంత నీరు పోయిందో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. మన చిత్రకొండ వైపు బలిమెల జలాశయం వేసవిలో దిగినప్పుడు కనిపించే మట్టి అంచు చూసినవాళ్లకు ఇది వెంటనే తగులుతుంది.

కుదుపు వస్తే కిటికీలోంచి దూరాన ఉన్న ఆకాశపు అంచును చూడండి. ఫోను తెర చూస్తే వాంతి ఖాయం. కాగితపు సంచి ఎక్కడుందో ముందే చూసుకోండి. సిగ్గుపడి ఆపుకోవద్దు.

7. నేల మీద

విమానం దిగాక పది, పదిన్నరకు ఆనకట్ట దగ్గరి సందర్శకుల కేంద్రానికి వెళ్లండి. లోపల చల్లగా ఉంటుంది, కూర్చోవచ్చు. అద్దాల్లోంచి 710 అడుగుల ఆనకట్ట ముఖం కనిపిస్తుంది. పక్కనే లోయ మీద ఉక్కు వంతెన. దాని మీద నడవవచ్చు, ఎత్తు పడనివాళ్లు మానుకోవడం మంచిది.

మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా గదిలో ఉండండి. మన గంజాం తీరంలో ఎండ అంటే చెమట. చొక్కా తడిస్తే నీళ్లు తాగుతాం. అక్కడ గాలి పొడిగా ఉండి చెమట పట్టినట్టే తెలియదు, పట్టిందే ఆరిపోతుంది. దాహం వేసేసరికే ఆలస్యం అయిపోతుంది. మనిషికి రోజుకు నాలుగు లీటర్ల లెక్కన నీళ్లు కారులో ఉండాలి. పెదవులు పగలడం, తలనొప్పి, మూత్రం ముదురు పసుపు: ఈ మూడింటిలో ఏది కనిపించినా నీడకు చేరండి. గుండె, మూత్రపిండాల మందులు వాడేవారు ఎంత నీరు తాగాలో ఇంటి దగ్గరే డాక్టరును అడిగి రావాలి.

పులిహోర తీసుకెళ్లవచ్చు, మధ్యాహ్నం దాకా నిలుస్తుంది. పెరుగన్నం ఆ కారు వేడికి నిలవదు. అప్పడాలు, ఆవకాయ మాత్రం మన బరంపురం నుంచి తెచ్చినవే మమ్మల్ని నిలబెట్టాయి.

సాయంత్రం హార్స్ షూ బెండ్. నది గుర్రపు నాడాలా మలుపు తిరిగే చోటు. రానుపోను ఒకటిన్నర మైళ్ల నడక, దాదాపు నీడ లేదు. అంచు నుంచి వెయ్యి అడుగుల లోతు. కంచె కొద్ది మేరకే ఉంటుంది, అది ఉన్న చోటే నిలబడండి. జాతీయ ఉద్యానాల పాస్ ఉన్నా ఇక్కడ పార్కింగ్ రుసుము వేరుగా కట్టాలి, ఆ స్థలం ఊరి నిర్వహణలోది.

రెండో ఉదయం యాంటిలోప్. ఎగువ కాన్యన్ అడుగు భాగం సమంగా, ఇసుకగా ఉంటుంది. దిగువ కాన్యన్‌లో నిటారు ఇనుప మెట్లు దిగాలి. మోకాళ్ల నొప్పి ఉన్నవారికి దిగువది వద్దే వద్దు. ఎగువ దానిలోనూ తిరుగు దారిలో మెట్లు ఎన్ని అని అడిగి టికెట్ కొనండి. సంచులు లోపలికి రానివ్వరు. షుగరు ఉన్నవారు నాలుగు చాక్లెట్లు జేబులో వేసుకోవాలి.

ఎండ కాస్తుండగానే టూర్ రద్దు చేశామంటే కోపగించుకోకండి. 1997 ఆగస్టులో ఎక్కడో మైళ్ల దూరంలో కురిసిన వానకు దిగువ కాన్యన్‌లోకి ఒక్కసారిగా వరద దూసుకొచ్చి 11 మంది యాత్రికులు చనిపోయారు. లోపల ఉన్నవారికి తలపైన ఆకాశం చీలికలా మాత్రమే కనిపిస్తుంది, మబ్బు ఎక్కడుందో తెలిసే వీలు లేదు.

8. పడవ ఎక్కేవారికి

రంభలో చిలకా పడవ ఎక్కినట్టు గట్టు నుంచి ఒక్క అడుగులో ఎక్కడం ఉండదు. నీరు ఎంత దిగితే రేవుకు నడక అంత పెరుగుతుంది, అది కూడా వాలులో. బుక్ చేసేటప్పుడే పార్కింగ్ నుంచి పడవ దాకా ఎంత దూరం, పెద్దవాళ్లను దించే బండి ఉందా అని అడగండి.

రెయిన్‌బో బ్రిడ్జ్ దాకా వెళ్లేవారు ఆ వంతెన కింద నడవకండి. నవాహోలతో పాటు అక్కడి పలు తెగలకు అది పవిత్ర స్థలం. గుడి గర్భాలయం ముందు ఆగినట్టే ఆగి చూస్తే చాలు.

9. మనవాళ్లు చేసే పొరపాట్లు, సర్దుబాట్లు

"యాంటిలోప్ కాన్యన్ పడవ టూర్" అని చూసి, ఫోటోల్లో కనిపించే ఎర్రటి ఇరుకు సందు ఇదేననుకుని కొనడం. పడవ వెళ్లేది అదే లోయ నీటితో నిండిన చివరి భాగంలోకి. నడిచి చూసే సందు వేరు, దాని టికెట్ వేరు.

గైడ్‌కు టిప్పు ఇవ్వకుండా వచ్చేయడం. అక్కడ అది వాళ్ల జీతంలో భాగం లాంటిది. టూర్ ధరలో 15 నుంచి 20 శాతం అలవాటు. చిల్లర నోట్లు ముందే మార్చుకోండి.

డ్రోన్ తీసుకెళ్లడం. జాతీయ ఉద్యానాల శాఖ పరిధిలో నిషేధం. ఇంట్లోనే వదిలేయండి.

ఫీనిక్స్ నుంచి చీకటి పడ్డాక బయల్దేరడం. 280 మైళ్ల దారిలో ఫ్లాగ్‌స్టాఫ్ దాటాక ఊళ్లు పలచబడతాయి, రోడ్డు మీదికి జంతువులు వస్తాయి. పొద్దున ఎనిమిదికి బయల్దేరి, ఫ్లాగ్‌స్టాఫ్‌లో భోజనం చేసి, పెట్రోలు నింపుకుని, మూడు నాలుగు గంటలకల్లా పేజ్ చేరండి.

10. మొదటి ఉదయం విమానం రద్దయితే

కౌంటరు దగ్గరే ఉండి మరుసటి ఉదయం మొదటి సీటు అడగండి. గదికి వెళ్లి ఫోను చేద్దామనుకుంటే అప్పటికి అందరూ అదే పని చేసి ఉంటారు. మరుసటి ఉదయం యాంటిలోప్ ఉంది కనుక రెండిటి మధ్య కనీసం రెండున్నర గంటల ఎడం చూసుకోండి.

సీటు లేదంటే డబ్బు వెనక్కి ఇచ్చే రసీదు చేతికి తీసుకుని, కారులో వావీప్ గుట్ట మీది చూపుల చోటుకు వెళ్లండి. పెద్దగా నడక లేదు. జలాశయం ఒక పెద్ద ముక్క, దాని వెనక గుట్టలు వరుసగా కనిపిస్తాయి. ఆనకట్ట కేంద్రాన్ని అప్పుడే చూసేసి, మధ్యాహ్నం పడవకు ఖాళీ ఉందేమో కనుక్కోండి. గాలి బాగా ఎక్కువగా ఉన్న రోజు పడవ కూడా వద్దు.

మాకు రెండోసారి ఇదే జరిగింది. మరుసటి ఉదయం ఆరున్నరకు సీటు దొరికింది, గాలి చుక్క లేదు.